కౌజు పిల్లలు మొదటి వారంలోనే పోతున్నాయి, షెడ్డులో ఏం చూసుకోవాలి?

వింజమూరు_రైతు
కొత్తగా కౌజు పిట్టలు మొదలుపెట్టా. చెన్నై వైపు హేచరీ నుంచి 500 పిల్లలు దించాను, నాలుగో రోజుకే 90 దాకా పోయాయి. పొద్దున చూస్తే మూలన కుప్పగా పడుంటాయి. కొన్ని నీళ్ల గిన్నెలో, కొన్నేమో కాళ్లు రెండు పక్కలకీ చాపుకొని లేవలేక. కింద వరి ఊక, దాని మీద న్యూస్ పేపరు. మేత బ్రాయిలర్ ప్రీ స్టార్టర్, అంటే కోడిపిల్లలకి మొదట్లో పెట్టే రవ్వ మేత. రేకుల షెడ్డు, చుట్టూ గోనెపట్టాలు కట్టా. 9 వాట్ల బల్బులు ఆరు వేశా. హేచరీ వాళ్లనడిగితే కొత్తల్లో పోతాయిలే అంటున్నారు. ఇది మామూలేనా? ఇంకో సంగతి, రాత్రిళ్లు జంగపిల్లి తిరుగుతా ఉంది. దానికి కూడా దారి చెప్పండి.

పొదిలి_ఫారం
మామూలు కాదు. నూటికి పది దాటితే ఎక్కడో తేడా ఉన్నట్టే. 9 వాట్లంటే ఎల్ఈడీ కదా? దానికి వెలుతురే గానీ వేడి ఉండదు. నీ పిల్లలు చలికే పోతున్నాయి. ముందు అది మార్చు, తర్వాత మిగతావి మాట్లాడుకుందాం.

చేనుగట్టు
జంగపిల్లికి ఉచ్చు పెట్టేయ్. రెండు రోజుల్లో పని అయిపోతుంది.

పశువైద్యం_కందుకూరు
పొదిలి అన్న మాట నిజం. పొదిగినప్పుడు కౌజు పిల్ల బరువు 7, 8 గ్రాములే. కోడిపిల్ల అందులో ఐదారు రెట్లు ఉంటుంది. ఒళ్లు చిన్నదైన కొద్దీ వేడి తొందరగా పోతుంది, అందుకే కోడిపిల్లల లెక్క దీనికి పనికిరాదు.

మొదటి వారం పిల్ల వీపు ఎత్తులో 35 నుంచి 37 డిగ్రీలు ఉండాలి. థర్మామీటరు గోడకి తగిలించి చూస్తే అది గోడ వేడే చెబుతుంది. నేల నుంచి రెండంగుళాల ఎత్తులో, బల్బు అంచు పడే చోట పెట్టాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోతే నాలుగో వారానికి మన వాతావరణంలో వేడి అక్కర్లేదు. వానాకాలం రాత్రిళ్లు మాత్రం మినహాయింపు.

థర్మామీటరు కన్నా పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కింద ముద్దగా చేరి కీచుకీచుమంటే చలి. అంచులకి పోయి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకి నెట్టుకుంటే ఇంకో పక్క నుంచి ఈదరగాలి కొడుతోందని. అంతటా చెదిరి తింటా ఉంటే సరిగ్గా ఉన్నట్టు.

వింజమూరు_రైతు
మరి ఎన్ని వాట్లు కావాలి డాక్టరు గారూ? మామూలు ఫిలమెంటు బల్బులు ఈ మధ్య ఊళ్లో దొరకడం లేదు.

పొదిలి_ఫారం
పిల్లకి ఒక వాటు, వానపడే రాత్రి రెండు వాట్లు. 500 పిల్లల్ని ఒకే చోట వదలొద్దు, 250 చొప్పున రెండు గుండ్రాలు చెయ్యి. తగరపు రేకు గానీ అట్ట గానీ అడుగెత్తున ఐదడుగుల వ్యాసంలో చుడితే 250 పిల్లలకి సరిపోతుంది. గుండ్రంగానే ఎందుకంటే, మూలంటూ ఉంటే అక్కడికి నెట్టుకొని ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి. నువ్వు చెప్పిన కుప్ప అదే.

ఒక్కో గుండ్రానికి 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఒకటి, పందుల ఫారాలకీ కోళ్లకీ వాడే ఎర్రది, నేల నుంచి అడుగున్నర ఎత్తులో. పిల్లలు పక్కకి జరిగితే కొంచెం పైకి లాగు. గొలుసుతో కట్టు, కరెంటు వైరుకే వేలాడదీయొద్దు. హోల్డరు పింగాణీదే పెట్టు. ప్లాస్టిక్‌ది ఆ వేడికి కరిగి బల్బు ఊక మీద పడిందంటే షెడ్డే పోతుంది.

కనిగిరి_గాలి
కరెంటు పోతే? తుఫాను టైములో మా వైపు రాత్రంతా ఉండదు.

పొదిలి_ఫారం
బొగ్గుల కుంపటి సిద్ధంగా ఉంచుకోవాలి. బయట రాజేసి, పొగ పూర్తిగా పోయి ఎర్రబడ్డాకే లోపలికి తేవాలి. చుట్టూ ఇనుప జాలీ పెట్టాలి. గోనెపట్టాలు పైన అడుగు వదిలి కట్టాలి. అన్నీ మూసేసి కుంపటి పెడితే విషవాయువు పేరుకుంటుంది, దానికి వాసన కూడా ఉండదు. పిట్టలూ పోతాయి, కాపలాకి లోపల పడుకున్న మనిషీ పోతాడు. కుంపటి పెట్టిన షెడ్డులో ఎవరూ నిద్రపోవద్దు, ఇది గట్టిగా చెబుతున్నా.

పెన్నాగట్టు
వేడి సంగతి సరే గానీ, మొదటి మూడు రోజులు నీళ్లలో యాంటీబయోటిక్ వెయ్యకపోతే ఎట్టా? అందరూ వేస్తారు.

పశువైద్యం_కందుకూరు
అందరూ వేస్తారని వెయ్యొద్దు. చలికి పోయే పిల్లని మందు బతికించదు. ముందు చచ్చిన పిల్లని కోసి చూడాలి.

బొడ్డు తడిగా, నల్లగా ఉండి, లోపల పచ్చసొన ఇంకకుండా కుళ్లు వాసన కొడితే అది బొడ్డు వాపు. గుడ్డు దగ్గరో పొదిగే యంత్రంలోనో వచ్చింది, హేచరీని అడగాల్సిందే. మేతసంచి ఖాళీగా ఉంటే ఆకలికి పోయింది. ఊపిరితిత్తుల మీద ఆవగింజంత పసుపు మచ్చలుంటే బూజు పట్టిన ఊక కారణం. ఊపిరితిత్తులు ఎర్రగా కమిలి మిగతా అంతా బాగుంటే నలిగో, ఊపిరాడకో పోయింది. ఒక్కోదానికి ఒక్కో దారి, ఒకే పొడి అన్నిటికీ పనిచెయ్యదు.

నువ్వు కొయ్యలేకపోతే అప్పుడే చచ్చినవి నాలుగు, నీరసంగా ఉన్నవి రెండు తీసుకొని ఆసుపత్రికి పో. చచ్చినవాటిని ప్లాస్టిక్ సంచిలో కట్టి ఐసు ముక్కల మధ్య పెట్టు, డీప్ ఫ్రిజ్‌లో పెట్టొద్దు. గడ్డకట్టిన కండని చూస్తే ఏమీ తెలీదు. పొద్దున చచ్చినదాన్ని ఐసు లేకుండా సాయంత్రం తెచ్చినా ఎండాకాలంలో ఉపయోగం లేదు.

పెన్నాగట్టు
అది ఒప్పుకుంటా. కానీ దూరం నుంచి వచ్చిన పిల్లలకి ఏదో ఒకటి ఇవ్వాలి కదా.

పశువైద్యం_కందుకూరు
ఇవ్వాలి. దించగానే మొదట నీళ్లు, గంట రెండు గంటల తర్వాత మేత. ఆ మొదటి నీళ్లలో లీటరుకి 50 గ్రాముల గ్లూకోజ్ గానీ బెల్లం గానీ, అదీ మొదటి ఆరేడు గంటలే. రోజంతా తీపినీళ్లు పెడితే విరేచనాలు పట్టుకుంటాయి. పొదిగిన 24 గంటల్లోపల మేత, నీళ్లు అందాలి. నాలుగైదు పిల్లల ముక్కుని నువ్వే నీళ్లలో ముంచి చూపిస్తే మిగతావి వాటిని చూసి నేర్చుకుంటాయి.

ఆత్మకూరు_సుజాత
నీళ్ల గిన్నెలో పడి పోయాయన్నారు కదా, దాని సంగతి ఎవరూ చెప్పలేదు. కోడిపిల్లల ఫౌంటెన్ అంచు కౌజు పిల్లకి చెరువంత. అంచులో కడిగిన గులకరాళ్లు గానీ గోలీలు గానీ నింపండి, రాళ్ల సందుల్లో నీళ్లు కనపడితే చాలు. ముక్కు తడవాలి, ఒళ్లు తడవకూడదు. తడిసిన పిల్ల బతికి బయటికొచ్చినా చలికి గంటలోనే పోతుంది. పదిరోజులయ్యాక రాళ్లు తీసేయొచ్చు. రాళ్లకి జిగురు పడుతుంది, రోజూ తీసి కడగాలి.

కాళ్లు చాపుకొని పడిపోవడానికి కారణం ఆ న్యూస్ పేపరే. నున్నగా ఉంటే కాలు జారి తుంటి దగ్గర పట్టు తప్పుతుంది. మొదటి వారం పాత గోనెగుడ్డ గానీ, గీతలున్న అట్టని తిరగేసి గానీ పరవండి. ఊక మీద నేరుగా వదలొద్దు, మేతనుకొని తినేస్తాయి.

వింజమూరు_రైతు
అక్కా, ఇప్పటికే కాళ్లు చాపిన పిల్లల్ని ఏం చెయ్యాలి?

ఆత్మకూరు_సుజాత
రెండు కాళ్లనీ మెత్తటి టేపుతోనో ఊలు దారంతోనో మామూలుగా నిలబడ్డప్పుడు ఉండేంత దూరం ఉండేట్టు సంకెలలాగా కట్టి, విడిగా గరుకు గుడ్డ మీద పెట్టండి. మొదటి రెండు రోజుల్లో కడితే చాలావరకు నిలబడతాయి. వారం దాటితే కష్టం, తొక్కించుకొని బాధపడేకన్నా తీసేయడం మేలు.

మేత కూడా మార్చాలి. మూడు వారాల దాకా కౌజుకి నూటికి 27 పాళ్ల ప్రోటీన్ కావాలి, ప్రీ స్టార్టర్‌లో 22, 23 మించి ఉండదు. 80 కిలోల ప్రీ స్టార్టర్‌కి 20 కిలోల సోయా చెక్క కలిపితే 26, 27కి వస్తుంది. అట్లా కలిపినప్పుడు విటమిన్లు, ఖనిజాలు పలచబడతాయి, అందుకని ఖనిజ లవణ మిశ్రమం, విటమిన్ ప్రీమిక్స్ ప్యాకెట్ మీద రాసిన మోతాదులో కలపండి. ముందు ఆ కొంచెం మందుల్ని కిలో మేతలో కలిపి, దాన్ని ఐదు కిలోల్లో, ఆ తర్వాత మొత్తంలో కలపాలి. నేరుగా వంద కిలోల్లో పోస్తే ఒక చోట గుప్పెడు, ఇంకో చోట సున్నా.

ప్రీ స్టార్టర్ రవ్వ కౌజు నోటికి పెద్దది. మిక్సీలో వేసో, పిండిమరలోనో సన్నం చేసి రవ్వ జల్లెడ పట్టండి. మరీ పిండి అయినా ముక్కుకి అతుక్కుంటుంది.

కనిగిరి_గాలి
ప్రోటీన్‌కి ఎండుచేపల పొడి వెయ్యొచ్చు కదా, కోట ఊరి వైపు చవగ్గా దొరుకుతుంది.

ఆత్మకూరు_సుజాత
చవగ్గా దొరికేది ఉప్పు, ఇసుక. గుప్పెడు పొడిని గ్లాసు నీళ్లలో వేసి తిప్పి చూడండి, అడుగున ఇసుక ఎంత దిగుతుందో. మొత్తం మేతలో ఉప్పు నూటికి అర పాలు మించకూడదు. మించితే నీళ్లు తెగ తాగుతాయి, రెట్ట నీళ్లలాగా పోతుంది, కింద పరిచిందంతా తడి, ఆ తడికి అమ్మోనియా, కళ్లు మంట. ఉప్పు లేకుండా ఎండబెట్టింది దొరికితే నూటికి ఐదు పాళ్ల దాకా వాడుకోవచ్చు. సముద్రం దగ్గరి ఉప్పుబోరు నీళ్లు పెట్టేవాళ్లు అసలు జోలికి పోవద్దు. వేరుశనగ చెక్క కూడా బూజు వాసన ఏమాత్రం ఉన్నా వద్దు, ఆ విషం కాలేయాన్ని తినేస్తుంది.

సూళ్లూరుపేట_పక్షి
మేత సంగతి మీరు నాకన్నా బాగా చెబుతున్నారు. నేను జంగపిల్లి కోసం వచ్చా, పైన ఉచ్చు పెట్టమన్న మాట అట్లా వదిలేయకూడదు.

జంగపిల్లి, పునుగుపిల్లి, ముంగిస, నక్క అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవే. చట్టంలో వేటంటే చంపడమే కాదు, ఉచ్చు వెయ్యడం, పట్టడం కూడా అందులోకే వస్తుంది. చేనుగట్టు అన్నా, ఉచ్చుకి నీ మేకపిల్ల పడదని ఎవరు చెప్పగలరు?

చేనుగట్టు
చంపమనలా. బోనులో పట్టి దూరంగా అడవిలో వదిలేస్తే?

సూళ్లూరుపేట_పక్షి
అదీ సొంతంగా చెయ్యకూడదు. పైగా ఉపయోగం లేదు. అది ఖాళీ చేసిన చోటికి ఇంకోటి వస్తుంది. నీ షెడ్డు దగ్గర ఎలుకలున్నాయి, అందుకే తిరుగుతోంది. ఎలుకల్ని తినేది వెళ్లిపోతే ఎలుకలు కౌజు పిల్లల కాళ్లు కొరుకుతాయి.

చెయ్యాల్సింది షెడ్డుకే. కోళ్ల జాలీ, ఆ ఆరు మూలల కన్నాలది, సరిపోదు. ఎలుక దూరుతుంది, పిల్లి పంజా పెట్టి తల లాగేస్తుంది. అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ వెయ్యాలి. కింద అడుగు లోతు కందకం తీసి మెష్ దింపి, అడుగున ఇంకో అడుగు బయటి వైపుకి మడిచి మట్టి కప్పాలి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, మడత తగలగానే ఆగిపోతుంది. లోపలి కేజీలు, అంటే పిట్టల్ని ఉంచే జాలీ గూళ్లు, బయటి మెష్‌కి అడుగున్నర ఎడంగా పెట్టుకోండి. తలుపు కింద సందు వేలు దూరనంత ఉండాలి. రేకుకీ గోడకీ మధ్య సందు చాలామంది మర్చిపోతారు, పునుగుపిల్లి వచ్చేది అక్కణ్నుంచే.

పెన్నాగట్టు
మా ఊళ్లో అడవిపందులు రాకుండా కరెంటు తీగ కడతారు.

సూళ్లూరుపేట_పక్షి
దయచేసి వద్దు. లైను నుంచి నేరుగా లాగిన తీగకి రాత్రి నీళ్లు పెట్టడానికి పోయిన రైతులే చనిపోతున్నారు. అది విద్యుత్ చట్టం కిందా నేరమే, వన్యప్రాణి చట్టం కిందా నేరమే.

ఇంకో సంగతి. పాత చేపల వలలు షెడ్డు చుట్టూ కట్టడం మన కోస్తాలో అలవాటు. ఆ నైలాన్ కన్నుల్లో పాములు చిక్కుకుంటాయి, ముందుకే పోతాయి గానీ వెనక్కి రాలేవు. వల కట్టాల్సి వస్తే నేల నుంచి రెండడుగులు మెష్, ఆ పైన వల. చిక్కిన పాముని మీరు విడిపించొద్దు, అటవీ శాఖకి గానీ శిక్షణ ఉన్నవాళ్లకి గానీ చెప్పండి. జెర్రిపోతు అనుకున్నది నాగుపాము కావచ్చు. గుడ్లు తియ్యడానికి చీకట్లో చెయ్యి పెట్టేముందు టార్చి వెయ్యండి, కాళ్లకి బూట్లు. కరిస్తే కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, మంత్రాల దగ్గర ఆగొద్దు. ఆ కాలూ చెయ్యీ కదపకుండా పాము విషానికి సూదిమందు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఎలుకలకి మందు పెట్టేవాళ్లు డబ్బాలో, ఎలుక మాత్రమే దూరే కన్నం పెట్టి పెట్టండి. చచ్చిన ఎలుకల్ని రోజూ ఏరి పూడ్చాలి, లేకపోతే వాటిని తిన్న గుడ్లగూబ, కుక్క కూడా పోతాయి.

కనిగిరి_గాలి
ఒక అనుమానం. కౌజు పెంచడానికి పర్మిషన్ కావాలా? ఫారెస్టోళ్లు పట్టుకుంటారని మా వాళ్లు భయపెడుతున్నారు.

సూళ్లూరుపేట_పక్షి
ఫారాల్లో పెంచేది జపాన్ కౌజు. 1974లో కాలిఫోర్నియా నుంచి మన దేశానికి తెచ్చారు, ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ పరిశోధన కేంద్రంలో అభివృద్ధి చేశారు. 2011లో కేంద్ర పర్యావరణ శాఖ కొత్త ఫారాలు ఆపమన్న మాట నిజమే, ఆ భయం అప్పటిది. 2013లో సడలించారు. పిల్లలు కొన్న బిల్లులు, బ్యాచ్ లెక్క దగ్గర పెట్టుకోండి, ఎవరడిగినా చూపించొచ్చు.

చేలల్లో దొరికే పూరేడు, అడవి కౌజు వేరే. వాటిని పట్టడం, అమ్మడం, ఫారంలో కలపడం నేరం. కోతలప్పుడు గూడు కనిపిస్తే గుడ్లు తేవద్దు, ఆ చుట్టూ నాలుగు సాళ్లు వదిలి కొయ్యండి. ఫారం పిట్టల్ని పుణ్యమని పొలాల్లో వదలడం కూడా వద్దు. అవి అక్కడ బతకవు, బతికిన ఒకటి రెండు రోగాల్ని అడవి పిట్టలకి అంటిస్తాయి.

పశువైద్యం_కందుకూరు
రోగాల మాట వచ్చింది కాబట్టి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోనే పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. నిర్ధారణ అయితే కిలోమీటరు లోపల ఉన్న పెంపుడు పక్షులన్నిటినీ తీసేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. కౌజులైనా అంతే.

వలస పక్షులు దిగే నేలపట్టు, పులికాట్ దగ్గర ఫారాలున్నవాళ్లు అక్టోబరు నుంచి మార్చి దాకా మరీ జాగ్రత్త. చెరువు నీళ్లు నేరుగా పెట్టొద్దు, బోరు నీళ్లు గానీ క్లోరిన్ కలిపినవి గానీ. చెరువుకి వేసుకుపోయిన చెప్పులు షెడ్డులోకి రాకూడదు, గుమ్మంలో వేరే జత పెట్టుకోండి. బాతులూ నాటుకోళ్లూ అదే ఆవరణలో తిరగనివ్వొద్దు. చెరువు గట్టున కొంగలు చచ్చిపడుంటే ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకి చెప్పండి.

వింజమూరు_రైతు
ఇన్‌ఫ్రారెడ్ బల్బులు తెచ్చి గుండ్రాలు కట్టేశా, అట్టలు, గోలీలు కూడా వేశా. ఇప్పుడు పిల్లలు చెదిరి తింటా ఉన్నాయి. రెండు వారాలయ్యాక కేజీల్లోకి మార్చాలనుకుంటున్నా. కొలతలు చెప్పండి. గుడ్లకి కొన్ని ఉంచుకొని నేనే పొదిగిస్తే పిల్లల ఖర్చు కలిసొస్తుందా?

పొదిలి_ఫారం
మూడు నుంచి ఆరు వారాల దాకా నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు కేజీకి 50 పిట్టలు. ఎత్తు పది అంగుళాలకి మించనివ్వకు. కౌజు బెదిరితే నిట్టనిలువునా ఎగురుతుంది, ఎత్తు ఎక్కువుంటే వేగం అందుకొని తల పగలగొట్టుకుంటుంది. పైకప్పుకి గట్టి మెష్ బదులు మెత్తటి వల బిగిస్తే ఇంకా మేలు. మూడో వారానికి రొమ్ము ఈకలు చూడు. ఎర్రమట్టి రంగులో ఒకేలా ఉంటే మగ, బూడిద రంగు మీద నల్ల చుక్కలుంటే ఆడ. ఐదో వారానికి 180, 200 గ్రాములు వస్తుంది, మాంసానికి అప్పుడే అమ్మెయ్. ఆ తర్వాత మేత తింటుంది గానీ బరువు పెద్దగా పెరగదు.

అమ్మకం ముందే చూసుకో. కావలి, నెల్లూరు హోటళ్లతో మాట్లాడి వారానికి ఎన్ని కావాలో రాసుకొని, అంతకే పిల్లల్ని దించు. మేమే తిరిగి కొంటామని ముందు డబ్బు కట్టించుకునేవాళ్ల దగ్గరికి పోవద్దు, 2012లో ఈమూ రైతులు మునిగింది ఆ మాట నమ్మే.

పశువైద్యం_కందుకూరు
పొదిగించడం సంగతి. ఆరేడు వారాలకి గుడ్లు మొదలవుతాయి, ఎక్కువగా సాయంత్రం పెడతాయి. రోజుకి 14 నుంచి 16 గంటల వెలుతురుండాలి, దీనికి మాత్రం ఎల్ఈడీ చాలు. రెండు మూడు ఆడపిట్టలకి ఒక మగ.

ఒకే బ్యాచ్‌లో పుట్టిన అన్నాచెల్లెళ్లని జత కట్టొద్దు. కౌజుకి దగ్గరి సంబంధం అసలు పడదు, రెండు మూడు తరాల్లోనే గుడ్లు నిలవవు, పిల్లలు గుడ్డులోనే పోతాయి. మగవాటిని వేరే చోట నుంచి తెచ్చుకో. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయాన్ని గానీ, నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ శిక్షణ ఎప్పుడుందో అడుగు. పోయినప్పుడు పాఠం విని రావడం కాదు, బ్రూడర్ (పిల్లల్ని వెచ్చగా ఉంచే గుండ్రం) కట్టడం, చచ్చిన పిట్టని కోసి చూడటం నీ చేత్తో చేయించమను.

గుడ్లు వారం లోపల పెట్టెయ్యాలి. సన్నటి కొన కిందికి ఉంచి, చల్లటి గదిలో పెట్టు. 21 డిగ్రీలు దాటితే లోపల పిండం పెరగడం మొదలై మధ్యలో ఆగి చస్తుంది, మన ఎండల్లో ఇదే పెద్ద నష్టం. కడగొద్దు, రెట్ట అంటినవి పక్కన పెట్టు. యంత్రంలో 37.5 డిగ్రీలు, తేమ నూటికి 60. 14వ రోజు దాకా తిప్పుతూ ఉండు, 15వ రోజు ట్రేలోకి మార్చి తేమ 70 దాటించు. 17, 18 రోజులకి పిల్లలొస్తాయి. పగిలేటప్పుడు తలుపు తీసి చూడాలనిపిస్తుంది, తియ్యొద్దు. తేమ పోయి లోపొర పిల్లకి అతుక్కుంటుంది.

వింజమూరు_రైతు
తేమకి నీళ్ల ట్రే ఎంత పెద్దది పెట్టాలి?

పొదిలి_ఫారం
తేమ పెరిగేది నీళ్ల లోతుతో కాదు, వెడల్పుతో. యంత్రం అడుగు నేలలో సగం పరుచుకునేంత ట్రే పెట్టి మీటరు చూడు. చాలకపోతే అందులో స్పాంజి ముక్క నిలబెట్టు. పోసేది గోరువెచ్చటి నీళ్లే.